నోటితో చెప్పి కొట్టే ఆట

నేను చెయ్యెత్తిన సందర్భాలు నా బతుకులో చాలా తక్కువ. బడిలో జవాబు తెలిసినప్పుడు కూడా ఎత్తలేదు. అలాంటివాణ్ణి, గోదావరిఖనిలో బొగ్గుగని ఆఫీసులో గుమాస్తాగా చేరిన మూడో ఏడు, ఏమాత్రం జవాబు తెలియని ప్రశ్నకు చెయ్యెత్తాను. ఎనభైల చివరి సంగతి ఇది.

కొత్తగా వచ్చిన మేనేజరు ఆ రోజు ఆఫీసంతా తిరిగి చూస్తున్నాడు. హైదరాబాదు మనిషి. ఏడాదిపాటు విదేశంలో శిక్షణ పొంది వచ్చాడు. మా గదిలో ఫైళ్ల గురించి రెండు మాటలు అడిగి, పోతూ పోతూ గడప దగ్గర ఆగాడు. క్లబ్బులో పూల్ టేబుల్, కర్రతో బంతుల్ని గుంతల్లోకి కొట్టే బల్ల, దుమ్ముకొట్టుకుపోయి ఉందనీ, ఇంత పెద్ద గనిలో స్ట్రెయిట్ పూల్ ఆడేవాడు ఒక్కడూ లేడా అనీ అడిగాడు. అందరూ తల వంచి ఎవరి బల్ల వాళ్లు చూసుకున్నారు. నేనూ నా బల్లే చూసుకున్నాను. సగం తెరిచి ఉన్న సొరుగులో మా బాపు అర్జీ కనబడింది. దాన్ని చూశాక చెయ్యి దానంతట అదే లేచింది.

అర్జీ సంగతి ముందు చెప్పాలి. బాపు పాతికేళ్ల నుంచీ బాయి దిగుతున్నాడు. గనిని మా వైపు బాయి అనే అంటారు. మోకాళ్లు అరిగాయి, మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు. భూమి మీద పని ఇస్తే మేలని డాక్టరు రాసిచ్చాడు. దాన్ని జతచేసి, బాపుకు చెప్పకుండా, ఆయన పేరు మీద అర్జీ నేనే రాశాను. ఆ కాగితం మీద మేనేజరు సిఫారసు చేస్తే మెడికల్ బోర్డుకు పోతుంది. అలాంటి అర్జీలు మేనేజరు ముందు పెట్టడమే నా ఉద్యోగం. ఇతరులవి ఏ రోజువి ఆ రోజే పెట్టేవాణ్ణి, పైగా నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ వాటి మీదే గుమ్మరించేవాణ్ణి. బాపుది మాత్రం ఆరు వారాలుగా సొరుగులోనే ఉంది. సొంత తండ్రి కాగితం తానే తోశాడంటారని ఒక భయం. మేనేజరు ఒక్కసారి కాదని రాస్తే ఆ దారి మూసుకుపోతుందని ఇంకో భయం. మంచి సమయం చూసి పెడదామనుకున్నాను. నేను పైన కూర్చుని సమయం చూస్తుంటే, బాపు కింద వంగి బొగ్గు నింపుతున్నాడు.

మేనేజరు నా చెయ్యి చూసి సంతోషపడ్డాడు. నాలుగు వారాల్లో తన సామాను వచ్చేస్తుందట, ఆ తర్వాతి ఆదివారం ఆడదామన్నాడు.

బంతి అంటే అప్పటికి నాకు తెలిసినవి రెండే. ఒకటి బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు, రెండోది పెళ్లిలో కూర్చునే బంతి. ఆ రెండో బంతిలో కూడా నాది చివరి ఆకు. పప్పు వచ్చేసరికి నెయ్యి అయిపోయేది.

క్లబ్బు మా ఆఫీసు వెనకే. టేబుల్‌ను తెచ్చినవాడు కోత యంత్రం బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజినీరు. యంత్రం తిరగడం మొదలవగానే అతను తిరుగు ప్రయాణం కట్టాడు. టేబుల్, నాలుగు కర్రలు, ఆట నేర్పే వీడియో క్యాసెట్ ఒకటి వదిలేసి పోయాడు. వాటన్నిటికీ కాపలా మామ. మామ అంటే చుట్టరికం కాదు, బాపుతో ఒకే గ్యాంగులో పనిచేసినవాడు. బొగ్గు మోసే పట్టాల డబ్బా కాలి మీదుగా పోవడంతో పైకి తెచ్చి క్లబ్బు తాళాలు చేతికిచ్చారు. కాలు ఈడ్చి నడుస్తాడు గానీ క్యారమ్స్‌లో యూనియన్ ఆఫీసు మొత్తం మీద ఆయన్ని కొట్టినవాడు లేడు.

మధ్యాహ్నం భోజనాల గంటలో నేర్చుకుంటానని తాళం అడిగాను. మామ నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నిజం చెప్పు అల్లుడా. నీకు గీ ఆట వస్తదా?"

"రాదు మామా."

"మరి సార్‌కు వస్తదని ఎందుకు చెప్పినవ్?"

బాపు కాగితం సంగతి చెప్పాను. మామ తాళం తీస్తూ, దీనికంత ఫికర్ చెయ్యొద్దన్నాడు. "ఏమున్నది ఇండ్ల. గిది జర పెద్ద క్యారమ్ బోర్డు, అంతే."

ఆ నమ్మకంతోనే మొదటి రోజు మేమొక పని చేశాం. క్యారమ్స్ ఆడే మనిషి బోర్డు ముందుకు రాగానే ముందు చేసేది బోరిక్ పౌడర్ చల్లడం. మామ అలమరలోంచి డబ్బా తీసి, ఆకుపచ్చ బట్ట మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా, జంగమదేవర విభూతి చల్లినంత భక్తిగా చల్లాడు. నేను అరచేత్తో సమంగా రుద్దాను. బంతిని తోస్తే తెల్లటి గీత గీసుకుంటూ నాలుగడుగులు పోయి, బురదలో బండిలా ఆగిపోయింది. అది చెక్క కాదు, ఉన్ని బట్ట అని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. బట్టల బ్రష్షుతో రెండు మధ్యాహ్నాలు దులిపాం. పౌడర్ సగమే పోయింది, మిగతా సగం బట్ట లోపలికి దిగింది. ఆ పచ్చదనం మీద బూడిద నీడ పడింది. మేనేజరు ఏమంటాడోనని నాకు ఆటకు ముందే ఒక బెంగ తయారైంది. మామ మాత్రం పంట మీద పొగమంచు పట్టినట్టుందని సరిపెట్టాడు.

ఇక చేసేది లేక క్యాసెట్ పెట్టాం. క్లబ్బులో శనివారాలు సినిమాలు వేసే వీసీఆర్ ఒకటి ఉండేది. ఆ దేశపు క్యాసెట్లకూ మన యంత్రాలకూ పొత్తు కుదరదని నాకు అప్పటిదాకా తెలియదు. రంగులు రాలేదు. బొమ్మ ఒకచోట నిలవలేదు. ఆట నేర్పే పెద్దమనిషి, పొడుగు మనిషి, మెడకు సీతాకోకచిలుకలాంటి టై కట్టుకున్నాడు, కింది నుంచి పైకి నెమ్మదిగా ఎక్కుతూ పోయేవాడు. కాళ్లు నెత్తి మీదికి వచ్చేవి, మళ్లీ తల కింది నుంచి మొలిచేది. సరిగ్గా బంతి గుంతలో పడే సమయానికి గుంత పైకి ఎగిరిపోయేది. బంతి పడిందో లేదో ఆయన మొహం చూసి తెలుసుకోవాలి. ఆ మొహం కూడా తిరిగి వచ్చేదాకా ఆగాలి. రెండు రోజుల్లో బొమ్మతో పాటు తల పైకీ కిందికీ ఊపడం అలవాటైంది. ఆఫీసులో ఎవరేం చెప్పినా నేను ఒప్పుకుంటున్నట్టే ఉండేది.

అయినా ఆ క్యాసెట్ నాకు నేర్పింది. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, మిగతా సగం ఆయన చేతులు చెప్పేవి. ఎడమ చెయ్యి టేబుల్ మీద ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కర్రకు దారి చెయ్యాలి. మోచెయ్యి ఊగాలి, భుజం ఊగకూడదు. కొట్టాక కూడా కర్ర ముందుకు పోవాలి, తగలగానే భయపడి వెనక్కి లాక్కోకూడదు. ఈ చివరిది నాకు అన్నిటికన్నా కష్టమైంది. నా కర్ర, కుక్కకు అన్నం పెట్టి చెయ్యి లాక్కున్నట్టు వెనక్కి వచ్చేది. ఆట పేరు స్ట్రెయిట్. నా బంతుల్లో ఆ పేరు నిలబెట్టింది మొదటి వారంలో ఒక్కటీ లేదు.

రంగులు కనబడకపోవడం వల్ల నష్టమేమీ రాలేదు. ఈ ఆటలో పదిహేను బంతులూ సమానమే. దేన్నైనా కొట్టొచ్చు, పడితే ఒక పాయింటు. పద్నాలుగు పడ్డాక చివరిదాన్ని ఉన్నచోటే వదిలి, ఆ పద్నాలుగింటినీ మళ్లీ కుప్పగా పేర్చి, ఆట సాగిస్తారు. షరతు ఒక్కటే. ఏ బంతి, ఏ గుంతలో పడుతుందో కొట్టేముందు నోటితో చెప్పాలి. టై పెద్దమనిషి ప్రతిసారీ చెప్పేవాడు, చెప్పినట్టే చేసేవాడు.

అక్కడ వచ్చింది చిక్కు.

బాయి పనివాళ్ల ఇళ్లల్లో జరగబోయేదాన్ని నోటితో అనరు. బాపు పొద్దున టిఫిన్ డబ్బా తీసుకుని గడప దాటేటప్పుడు పోతున్నానని గానీ ఎన్నింటికి వస్తానని గానీ అనడు. అవ్వ, అంటే మా అమ్మ, అడగదు. సాయంత్రానికి ఎన్ని బియ్యం పొయ్యాలో మనసులోనే లెక్క వేసుకుంటుంది, బాపు కాళ్లు కడుక్కునే చప్పుడు విన్నాకే పొయ్యి మీద ఎసరు పెడుతుంది. కొండగట్టు అంజన్నకు ఆమె ఏదో మొక్కిందని నాకు తెలుసు, ఏం మొక్కిందో ఇప్పటికీ తెలియదు. అలాంటి ఇంట్లో పెరిగిన నోరు నాది. ఫలానా బంతి ఫలానా గుంతలో పడుతుందని అనబోయి, అనకుండా కర్ర మొన తుడుచుకునేవాణ్ణి. మామది కూడా అదే నోరు. నన్ను చెప్పించడానికి ఆయనా ఒప్పుకోలేదు.

"నోటితోని అన్నది కాదు బిడ్డా. ఊకె కొట్టు."

చెప్పకుండా కొడితే ఆట కాదు. చెప్పి కొట్టడం మా వల్ల కాదు. చివరికి మామే ఒక ఉపాయం చూశాడు. కర్ర మొనకు రాసే నీలం సుద్దముక్కను తీసి, నేననుకున్న గుంత పక్కన పెట్టమన్నాడు. అన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుంది. అప్పటి నుంచి సుద్ద పెట్టడం, కొట్టడం. ఆశ్చర్యం, బంతులు పడసాగాయి. మూడో వారానికి వరసగా ఆరు దాకా వేశాను. మామ పీట మీద కూర్చుని పలక మీద గీతలు గీసేవాడు.

ఒక మధ్యాహ్నం సుద్దముక్క పెట్టి వంగాను. సైరన్ మోగింది. గోడ గడియారంలో ఒంటిగంటన్నర. బదిలీ, అంటే షిఫ్టు, మారేది మూడింటికి. వేళ కాని వేళ మోగే సైరన్ మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మామ పలక కింద పెట్టి, కాలు ఈడ్చుకుంటూ నాకన్నా ముందే గుమ్మం దాటాడు.

గని గేటు దగ్గరికి పోయేసరికి ఆడవాళ్లు చేరారు. అవ్వ కూడా ఉంది, చేతికి పిండి అలాగే ఉంది. ఎవరూ ఎవరి పేరూ ఎత్తడం లేదు. సొరుగులోని కాగితం నాకు కళ్ల ముందు కనబడుతోంది. దాని మీద నేను వేసిన పిన్ను కూడా కనబడుతోంది. ఆ రోజే పెట్టి ఉంటే బాపు ఈపాటికి పైన ఉండేవాడేమో అన్న లెక్క, తప్పని తెలిసినా, మళ్లీ మళ్లీ వేసుకున్నాను. చాలాసేపటికి గని లోపల పని చూసే ఒక ఓవర్‌మన్ బయటికి వచ్చి, డబ్బాలు లాగే తాడు తెగిందనీ ఎవరికీ దెబ్బ తగల్లేదనీ చెప్పాడు. ఆడవాళ్లు వచ్చినట్టే తిరిగిపోయారు. అవ్వ నా దగ్గరికి వచ్చి చూసింది నా మొహాన్ని కాదు.

"చేతులకేందిరా గా నీలం?"

సిరా అన్నాను. బాపు మామూలుగానే మూడింటికి పైకి వచ్చాడు, తాడు సంగతి ఎత్తలేదు, చాయ్ అడిగాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే అర్జీ పెట్టేద్దామనుకున్నాను. పొద్దున సొరుగు తెరిచాను, మూశాను. ఆదివారం ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆటలో సార్ మనసు బాగున్నప్పుడు అడుగుదాం అనుకున్నాను. మనసు బాగుండాలంటే సార్ గెలవాలి. సార్ గెలవాలంటే నేను ఓడాలి. పై అధికారితో షటిల్ ఆడినా పేకాట ఆడినా గుమాస్తా చేసే పని అదే, అందులో కొత్తేముంది. కానీ గెలవడం నేర్పే క్యాసెట్ ఉంది గానీ ఓడడం నేర్పే క్యాసెట్ లేదు. మిగిలిన నాలుగు మధ్యాహ్నాలూ, పడే బంతిని పడకుండా చేయడం సాధన చేశాను. మామకు చెప్పకుండా చేశాను. ఆయన పలక మీద గీతలు తగ్గడం చూసి, నాకు దిష్టి తగిలిందని ఎండుమిర్చి తిప్పి పారేశాడు.

ఆదివారం పొద్దున పదింటికి మేనేజరు వచ్చాడు. టేబుల్ మీద చెయ్యి వేసి రుద్ది, వేలి కొన చూసుకున్నాడు. ఇదేమిటని అడిగాడు. మామ, ఇక్కడి గాలిలో ఏదో ఒకటి ఉంటుంది సార్ అన్నాడు. బొగ్గు ఊళ్లో తెల్ల దుమ్ము ఎక్కడిదని సార్ మళ్లీ అడగలేదు, మర్యాదస్తుడు.

యాభై పాయింట్ల ఆట. నేను మొదలుపెట్టాలి. క్యాసెట్‌లో చూసినట్టు, కుప్ప చెదరకుండా అంచును తాకించి, తెల్ల బంతిని వెనక్కి తెచ్చుకున్నాను. సార్ కనుబొమలు పైకి లేచాయి. ఆయన ఒక్కో బంతీ పేరు పెట్టి చెప్పి, పదకొండు వేసి, పన్నెండోది తప్పాడు. నా వంతు వచ్చింది. సుద్దముక్క మూల గుంత పక్కన పెట్టి వంగాను.

"ఇదేంది?"

"ఆ గుంతల వేస్త అని సార్."

"నోటికేమైంది?"

ఏమీ కాలేదన్నాను. సార్ సుద్దముక్క తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఈ ఆట షరతే గది. ముందు చెప్పాలె. చెప్పకుంట పడింది, పడ్డట్టు కాదు."

మామ కిటికీ వైపు తిరిగాడు. మూడో నంబరు, మూల గుంత, అన్నాను. నాకే సరిగా వినబడలేదు. మళ్లీ చెప్పమన్నాడు, చెప్పాను. బంతి పోయి పడింది. సైరన్ ఏదీ మోగలేదు. ఇంకొకటి చెప్పాను, అదీ పడింది. అప్పుడు నా పథకం గుర్తొచ్చి, గుంత నోట్లో నిలబడ్డ ఒక బంతిని, చంటిపిల్లవాడు కూడా వేసేదాన్ని, పేరు పెట్టి చెప్పి, తప్పించాను. సార్ నాలుగు వేశాడు. మళ్లీ నా వంతులో అలాంటిదే ఇంకొకటి చెప్పి తప్పించాను. మూడోసారి కూడా అదే చేసేసరికి ఆయన తన కర్రను టేబుల్ మీద అడ్డంగా పెట్టేశాడు.

ఆట అంత పద్ధతిగా మొదలుపెట్టిన మనిషికి ఇంత తేలిక బంతులు మూడుసార్లు గురి తప్పవన్నాడు. ఇంతకు ముందు బెల్లంపల్లిలో పనిచేసినప్పుడు ముగ్గురు తనతో షటిల్ ఆడి ఓడిపోయారట. ముగ్గురి జేబుల్లోనూ మూడు అర్జీలు ఉన్నాయట.

"నీది ఏ జేబుల ఉన్నది?"

అప్పుడు నేను సర్దిచెప్పుకోవచ్చు, నవ్వేయొచ్చు, చెయ్యి జారిందనొచ్చు. ఇవన్నీ నాకు వచ్చిన విద్యలే. కిటికీ దగ్గర మామ వీపు కనబడుతోంది. ఎందుకో తెలియదు, అప్పటికి ఐదు సార్లు నోటితో అని ఉన్నాను గనకేమో, ఆరోది కూడా వచ్చేసింది.

"మా బాపును పైకి తేవాలె సార్."

ఏ బాపు, ఏ కాగితం అని అడిగాడు. సొరుగులో ఉందని చెప్పాను. ఎన్నాళ్ల నుంచని అడిగాడు. పది వారాలన్నాను. దాన్ని తన ముందు పెట్టాల్సింది ఎవరని అడిగాడు. నేనే సార్ అన్నాను. ఆయనకు కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో, రెండూ ఒకేసారి వచ్చి అడ్డం పడ్డాయో, పైకప్పు కేసి చూశాడు.

"రేపు పొద్దుగాల నా టేబుల్ మీద ఉండాలె. నేను రాస్త. బోర్డు ఏమంటదో నా చేతిల లేదు, మాట ఇయ్య. ఇగ సక్కగ ఆడు."

చక్కగానే ఆడాను. యాభైకి పంతొమ్మిది దగ్గర ఓడిపోయాను. కష్టపడి ఓడడం కన్నా ఆడి ఓడడం చాలా సులువు.

బోర్డు తేల్చడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ బాపు బాయి దిగుతూనే ఉన్నాడు. నేను క్లబ్బుకు పోతూనే ఉన్నాను, ఏ చప్పుడు విన్నా గడియారం చూస్తూనే ఉన్నాను. ఆర్డరు వచ్చిన రోజు ఇంటికి పరుగెత్తి బాపు చేతిలో పెట్టాను. దీపాల గదిలో పని. బాయి దిగేవాళ్లు తలకు పెట్టుకునే లైట్లు ఇచ్చి, వాళ్లు పైకి వచ్చాక తిరిగి తీసుకుని చార్జింగుకు పెట్టే గది అది. బాపు కాగితం తిప్పి చూసి, ఎవరు అడిగారన్నాడు. నేనే అన్నాను.

"నా మందిని కింద విడిచిపెట్టి నేనొక్కణ్ణి పైన కూసుండాల్నా?"

ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు దీపాల గదికి పోయాడు. అవ్వ ఆ రోజు మూడింటికే ఎసరు పెట్టింది. బాపు కాళ్లు కడిగిన చప్పుడు వినకుండా పొయ్యి ముట్టించడం ఆమెకు అదే మొదలు. కానీ బాపు వేళకు రాలేదు. నాలుగైంది, అన్నం చల్లారింది. అవ్వ, ఆ పూట సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నా వైపు చూసింది. నేను చెప్పులు వేసుకున్నాను.

దీపాల గదిలో గోడ నిండా వరసలుగా కొక్కేలు, ప్రతి దానికీ ఒక నంబరు. లైటు వేలాడుతుంటే ఆ మనిషి పైకి వచ్చినట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే ఇంకా కిందే ఉన్నట్టు. రెండో బదిలీ మనిషి వచ్చి అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. బాపు మాత్రం బయటి చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని, గోడ ముందు నిలబడి ఉన్నాడు. తన బదిలీ లైట్లన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. మూడో వరసలో, చివర.

అది ఎవరిదని అడగబోయి ఆగాను. చెప్పి కొట్టే ఆట నేర్చినవాణ్ణే, కానీ ఆ గోడ ముందు నా నోరు మళ్లీ పాత నోరే అయింది. బాపు పక్కన నిలబడి నేనూ ఆ ఖాళీ కొక్కేన్ని చూడసాగాను. ఇన్నేళ్లూ అవ్వ ఒక్క లైటు కోసం చూసింది. ఇప్పుడు గోడ మీది లైట్లన్నిటి కోసం చూడడం బాపు వంతైంది. దాన్ని అడిగి తెచ్చింది నేనే.

కొంతసేపటికి ఒక ముసలాయన దగ్గుతూ వచ్చి, పంపు దగ్గర ఆలస్యమైందంటూ లైటు తీసి ఇచ్చాడు. బాపు దాన్ని చొక్కా అంచుతో తుడిచి, తానే కొక్కేనికి తగిలించి, వరస మొత్తం ఒకసారి చివరి నుంచి మొదటి దాకా చూశాడు.

"పా," అన్నాడు నాతో. "మీ అవ్వ సూస్తుంటది."